న్యూ గ్లారస్ పాత పాల లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని న్యూ గ్లారస్ మీద మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్ట్ చేస్తోంది. స్విట్జర్లాండ్‌లోని గ్లారస్‌లో బతుకు గడవక 1845లో ముందు ఇద్దర్ని పంపి భూమి కొనిపించారు, వెనకే వంద మందికి పైగా వచ్చి స్థిరపడ్డారు. మొదట గోధుమ వేశారు. నేల సారం తగ్గి, పురుగు పట్టి దిగుబడి పడిపోయాక పాడికి మళ్ళి, చీజ్‌తో నిలదొక్కుకున్నారు.

మాకు కావాల్సింది ఆ మధ్యకాలం సంగతి. ఆవులకు పెట్టుబడి ఎక్కడిది? పాలు పోసిన రైతుకు లెక్క ఎలా కట్టేవాళ్లు? మన పాలకేంద్రాల్లో లాగా వెన్న శాతం చూసి కాదనుకుంటా, ఎందుకంటే బాబ్‌కాక్ ఆ పరీక్ష కనిపెట్టింది 1890లో (ఆయనా విస్కాన్సిన్ యూనివర్సిటీ వాడే!). అక్కడి స్విస్ మ్యూజియంలో ఇలాంటి రికార్డులు చూపిస్తారా? మాడిసన్ వైపు ఉండేవాళ్లు ఎవరైనా వెళ్లారా? జర్మన్‌లో ఉంటే మాత్రం మాకు చదవడం రాదండీ.