చీర దాచి అప్సరను పెళ్లాడిన కథ: పాప అడిగిన ప్రశ్నకు జవాబు కావాలి

ప్రశ్న (మారతహళ్లి నాన్న, బెంగళూరు)

మాది మదనపల్లె. పదకొండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాము. మా పాపకు ఎనిమిదేళ్లు. బడిలో తెలుగు లేదు కనుక, రాత్రి పడుకునే ముందు మా అవ్వ నాకు చెప్పిన కథలనే పాపకు చెప్పడం అలవాటు చేసుకున్నాను. భాష నిలబెట్టడానికి ఇంతకన్నా సులువైన దారి నాకు తోచలేదు.

మొన్న ఇంద్రుడి కూతుళ్ల కథ చెప్పాను. మీలో చాలామంది వినే ఉంటారు. పున్నమి రాత్రి ఏడుగురు అక్కచెల్లెళ్లు చెరువులో జలకాలాడడానికి దిగుతారు; పశువులు కాసుకునే కుర్రవాడు పొదచాటు నుంచి చూసి చిన్నదాని చీర ఎత్తుకుపోతాడు; చీర లేనిదే ఎగరలేదు కనుక ఆమె అతని వెంట వెళ్లి కాపురం చేస్తుంది; బిడ్డ పుట్టిన తరువాత ఒకనాడు ధాన్యపు గాదెలో చీర కనిపించగానే కట్టుకుని ఆకాశానికి వెళ్లిపోతుంది. అవ్వ చెప్పినప్పుడు నాకు ఆ కుర్రవాడి మీదనే జాలి కలిగేది. పాప మాత్రం చివరి దాకా విని, "నాన్నా, అది దొంగతనం కదా? చీర ఇచ్చేసి, ఉంటావా అని అడగవచ్చు కదా?" అన్నది. నేను దీపం ఆర్పి, రేపు చెబుతానన్నాను. ఆ రేపు వచ్చి నాలుగు రోజులైంది.

మనిషికి, దేవకన్యకు మధ్య ప్రేమ కుదిరిన పాత కథలలో ఆమె తన ఇష్టంతో వచ్చినవి ఉన్నాయా? ఉంటే పిల్లలకు చెప్పదగినది ఏది? లేకపోతే మా అవ్వ కథనే కొంచెం మార్చి, ఆ కుర్రవాడి చేత చీర తిరిగి ఇప్పించడం తప్పవుతుందా?

జవాబు 1 (అరణి, చెన్నై)

మీ పాప అడిగిన ప్రశ్నకు జవాబు మన దగ్గర ఉన్న అతి పాత ప్రేమకథలోనే ఉన్నది. అది పురూరవుడనే రాజు, ఊర్వశి అనే అప్సర కథ. ఋగ్వేదం పదవ మండలంలోని 95వ సూక్తం మొత్తం, పద్దెనిమిది ఋక్కులు, వారిద్దరి సంభాషణే. అయితే అది ప్రేమ మొదలైనప్పటి మాట కాదు, ఆమె విడిచి వెళ్లిన తరువాతి మాట. అతడు ఆగమంటాడు, ఆమె తాను గాలి వంటిదాననని, పట్టుకోవడం కష్టమని అంటుంది.

ముందు జరిగినదేమిటో శతపథ బ్రాహ్మణం (యజ్ఞాలను వివరించే వేదకాలపు గ్రంథం) పదకొండవ కాండ చెబుతుంది. అందులో ఊర్వశే పురూరవుణ్ణి ప్రేమించింది, షరతులు కూడా ఆమే పెట్టింది. నా ఇష్టం లేనప్పుడు నన్ను సమీపించరాదు అన్నది వాటిలో ఒకటి. నువ్వు వివస్త్రుడిగా నా కంట పడరాదు అన్నది మరొకటి. ఆమె చాలాకాలం అతనితో ఉండిపోవడం గంధర్వులకు నచ్చలేదు. ఆమె మంచానికి కట్టి ఉన్న గొర్రెకు రెండు పిల్లలుండేవి. రాత్రివేళ వాటిలో ఒకదానిని, ఆ వెంటనే రెండవదానిని గంధర్వులు ఎత్తుకుపోయారు. ఈ ఇంట్లో మగవాడే లేనట్లు నా బిడ్డను తీసుకుపోతున్నారని ఆమె కేకవేసింది. బట్ట చుట్టుకునేంత ఆలస్యం కూడా భరించలేక అతడు ఉన్నవాడు ఉన్నట్లే లేచి ఉరికాడు. గంధర్వులు మెరుపు మెరిపించారు. పట్టపగలు చూసినట్లు ఆమె అతణ్ణి చూసింది, మాయమైపోయింది.

మీరు చెప్పిన చెరువు కథ పక్కన దీనిని పెట్టి చూడండి. అక్కడ బట్ట పోగొట్టుకున్నది ఆమె, ఇక్కడ బట్ట లేనిది అతనికి. అక్కడ చీర పోయి ఆమె ఇంటికి వచ్చింది, ఇక్కడ బట్ట లేక ఆమె ఇల్లు వదిలింది. నేను ఈ కథను పదిసార్లు చదివి ఉంటాను కానీ మీ పాప ప్రశ్న చూసేవరకు ఈ తిరగబడిన పోలిక నా బుద్ధికి తట్టలేదు.

చెరువు ఇందులోనూ ఉన్నది. అతడు ఏడుస్తూ కురుక్షేత్రమంతా తిరిగి అన్యతఃప్లక్ష అనే తామర కొలను దగ్గరకు చేరేసరికి అప్సరసలు నీటిపక్షుల రూపంలో ఈదుతూ ఉంటారు. అతడు పొదచాటున దాగడు, ఏదీ ఎత్తుకుపోడు, మాట్లాడమని వేడుకుంటాడు. ఏడాది చివరి రాత్రికి రమ్మని ఆమె చెబుతుంది. ఆ మరునాడు గంధర్వులు వరమిస్తామంటే, ఏమి కోరాలో కూడా ఆమే నేర్పుతుంది: మీలో ఒకణ్ణి కావాలని కోరుకో. వారు అగ్నిని పాత్రలో పెట్టి ఇస్తే అతడు దానిని అడవిలో వదిలి కొడుకుతో ఊరికి వెళ్లి వస్తాడు. తిరిగి వచ్చేసరికి అగ్ని అశ్వత్థం (రావిచెట్టు) గాను, పాత్ర జమ్మిగాను మారిపోయి ఉంటాయి. చివరికి రావి కొయ్యతో రెండు అరణులు (రాపిడితో నిప్పు పుట్టించే కొయ్యలు) చేసి మథించి, పుట్టిన అగ్నిలో హోమం చేసి గంధర్వుడవుతాడు. ఆమెను మనిషిగా మార్చి ఇంట్లో కూర్చోబెట్టడం ఈ కథలో లేదు. మారవలసి వచ్చినది అతడే.

పిల్లలకు చెప్పేటప్పుడు రెండవ షరతును, "నిద్రలేచినవాడు లేచినట్లే నా కంట పడకూడదు" అని కాస్త మెత్తగా చెప్పవచ్చు.

జవాబు 2 (వడపళని వృద్ధుడు, చెన్నై)

అరణి గారు చెప్పినది బాగున్నది కానీ, అవ్వ కథను మార్చే ఆలోచన మాత్రం మానుకోవాలని నా మనవి.

చీర దాచిన కథ మన ఒక్కరిదే కాదు. స్కాట్లాండ్ తీరంలో, సీలు రూపం విడిచి ఆడమనిషిగా మారినామె చర్మాన్ని దాచిన మగని కథ ఉన్నది. మా పేట స్టూడియోల కాలంలో వచ్చిన ‘జగదేకవీరుని కథ’ (1961) చిత్రంలోనూ ఇంద్రకుమారి చీర దాచడమే కథకు మలుపు. నేను విన్న, చదివిన వాటిలో ఎక్కడా ఆ దాచినది చివరి వరకు దాగలేదు. గాదెలోనో, అటక మీదనో, పెట్టె అడుగునో అది బయటపడుతుంది, ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించదు. అంటే ఆ కుర్రవాడు చేసినది తప్పని మీ పాప కన్నా ముందే కథ చెప్పింది. పైగా ఈ కథలు చెప్పినవారిలో ఎక్కువమంది అవ్వలే. పన్నెండేళ్లకో పద్నాలుగేళ్లకో అడిగేవారు లేకుండా అత్తవారింటికి వెళ్లినవారు గాదెలో చీర దొరికిన ఘట్టాన్ని ఎంత ఇష్టంగా చెప్పి ఉంటారో ఊహించండి. మీరు చీరను ముందే తిరిగి ఇప్పిస్తే ఆ ఘట్టం పోతుంది.

చీర తిరిగి ఇచ్చే కథే కావాలంటే జపాన్ వారి ‘హగొరొమో’ అనే నాటకం ఉన్నది; ‘నో’ అనేది అక్కడి సంప్రదాయ నాటక పద్ధతి. మిహో తీరంలో పైన్ చెట్టు కొమ్మకు వేలాడే ఈక వస్త్రం ఒక జాలరికి దొరుకుతుంది. దేవకన్య ఏడుస్తుంటే చూడలేక, నాట్యం చేసి చూపితే ఇస్తానంటాడు. వస్త్రం లేనిదే ఆడలేనని ఆమె అంటుంది. ఇచ్చేస్తే ఆడకుండానే ఎగిరిపోతావేమో అని అతడు సందేహిస్తాడు. సందేహాలు మనుషులకే, స్వర్గంలో మోసం లేదని ఆమె జవాబు. అతడు సిగ్గుపడి ఇచ్చేస్తాడు, ఆమె మాట ప్రకారం ఆడుతూనే ఆకాశంలోకి వెళ్లిపోతుంది. పెళ్లి లేదు, కాపురం లేదు.

జవాబు 3 (పాత పుస్తకాల పాఠకురాలు, బెంగళూరు)

తెలుగువారి చర్చలో పెద్దన గారి వరూధిని ఇంతవరకు రాకపోవడం ఆశ్చర్యంగా ఉన్నది. ‘మనుచరిత్ర’లో అడిగేది దేవకన్య, కాదనేది మనిషి. సిద్ధుడు ఇచ్చిన పసరు కాళ్లకు పూసుకుని హిమాలయానికి వెళ్లిన ప్రవరుడు, మంచుకు ఆ పసరు కరిగిపోవడంతో ఇంటి దారి తెలియక వరూధిని ఎదుట పడతాడు. ఆమె అందానికి లొంగక అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరుకుంటాడు. ఇంతవరకు పిల్లలకు హాయిగా చెప్పవచ్చు. ఆ తరువాత ఒక గంధర్వుడు ప్రవరుడి రూపంలో వచ్చి ఆమెను మోసగించే భాగం ఎనిమిదేళ్ల పాపకు వద్దు. నిజానికి ఆ మోసం నాకు చీర దొంగతనం కన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అక్కడ తన మీద ఏమి జరిగిందో కూడా ఆమెకు తెలియదు.

ఊర్వశి కథ చెప్పేవారికి ఒక చిన్న సూచన. కాళిదాసు ‘విక్రమోర్వశీయం’ ముగింపు శతపథంలా ఉండదు. కొడుకు ముఖం రాజు చూసిన నాడు ఊర్వశి స్వర్గానికి తిరిగి రావాలన్నది ఇంద్రుడి నియమం కనుక, ఆమె బిడ్డను చ్యవనాశ్రమంలో దాచి పెంచుతుంది. ఇక్కడ దాచినది మగడు కాదు, ఆమే, అదీ అతనితో ఉండడానికి. ఆ రహస్యం కూడా బయటపడుతుంది. అయితే రాజు బ్రతికినంతకాలం ఉండవచ్చునని నారదుడి చేత ఇంద్రుడు కబురు పంపుతాడు. సుఖాంతం కావాలనే పిల్లలకు ఇది సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు (మారతహళ్లి నాన్న)

అందరికీ నమస్కారం. వడపళని పెద్దాయన మాట విని అవ్వ కథను ముట్టుకోలేదు. నిన్న రాత్రి అరణి గారు చెప్పినట్లు ఊర్వశి కథ చెప్పాను. షరతులు ఆమె పెట్టిందనగానే పాప లేచి కూర్చున్నది. మెరుపు మెరిసిన చోట కాసేపు నవ్వింది కూడా. అగ్ని రావిచెట్టుగా మారిన భాగం చెబుతుంటే మాత్రం ధ్యాస పెట్టలేదు. ఏమిటమ్మా అంటే, "ఆ గొర్రెపిల్లలు మళ్లీ దొరికాయా?" అని అడిగింది. మళ్లీ దీపం ఆర్పవలసి వచ్చింది. ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు.

జవాబు 4 (అరణి, చెన్నై)

విష్ణుపురాణం నాలుగవ అంశంలో దొరికాయండీ. అక్కడ అవి పిల్లలు కావు, ఊర్వశి బిడ్డల్లా పెంచుకున్న రెండు పొట్టేళ్లు. గంధర్వులు వాటిని వదిలేసి వెళ్లిపోతే, రాజు రెండింటినీ తోలుకుని సంతోషంగా పడకగదికి వస్తాడు. పొట్టేళ్లు ఉన్నాయి, ఆమె లేదు.