అప్‌డేట్: పిల్లలున్నారని ఇల్లు నిరాకరించిన విషయంలో ఏం జరిగిందంటే

కాలిఫోర్నియాలో మాకు ఇద్దరు చిన్నపిల్లలున్నారని తెలియగానే, పై అంతస్తు ఇల్లు పిల్లలున్నవారికి ఇవ్వబోమని అపార్ట్‌మెంట్ మేనేజరు ఈమెయిలు పంపారని, ఏం చేయాలో చెప్పమని ఇంతకుముందు అడిగాను. మీలో కొందరు సూచించినట్టే రాష్ట్ర పౌరహక్కుల శాఖను ఆశ్రయించాను. 2022 వరకు ఈ శాఖ పేరులోనే ఉద్యోగం, గృహవసతి అనే మాటలుండేవి.

ఆన్‌లైన్‌లో ప్రాథమిక ఫారం నింపాక, శాఖ అధికారి ఫోనులో ఓపికగా విని, ఆ ఈమెయిలును పరిశీలించి, ఫిర్యాదు పత్రాన్ని తామే సిద్ధం చేసి నా సంతకానికి పంపారు. దీనికి రుసుము లేదు. ఇంగ్లిషులో ఇబ్బంది పడేవారికి దుభాషిని కూడా ఉచితంగానే ఏర్పాటు చేస్తారు కాబట్టి, ఇక్కడున్న మన పెద్దవారు వెనుకాడనక్కరలేదు.

ఇరుపక్షాలూ అంగీకరించడంతో మధ్యవర్తిత్వం జరిగింది. ఆ నిబంధనను తొలగిస్తామని యాజమాన్యం రాతపూర్వకంగా ఒప్పుకుని, మాకైన అదనపు ఖర్చును చెల్లించింది. ఆ ఇల్లు మాత్రం అప్పటికే వేరొకరికి వెళ్లిపోయింది. ఆ బాధ ఇంకా ఉంది.

గడువుల గురించి అడిగినవారికి: గృహవసతి వివక్షపై ఈ శాఖకు ఏడాదిలోగా, ఉద్యోగ వివక్షపై మూడేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. ఇంటి విషయంలో ఫిర్యాదు లేకుండా నేరుగా కోర్టుకు కూడా వెళ్లవచ్చు గానీ, ఉద్యోగం విషయంలో ఈ రాష్ట్ర చట్టం కింద దావా వేయాలంటే ముందుగా శాఖ నుంచి అనుమతి పత్రం పొందాలి. వీసా మీద ఉన్నామన్న భయంతో చాలామంది మౌనంగా ఊరుకుంటున్నారు. వలస హోదా ఏదైనా ఈ చట్టం రక్షణ వర్తిస్తుంది, ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం కూడా చట్టవిరుద్ధమే.