గుస్సాడీ వేదిక ఎక్కవచ్చా?

ఇప్పచెట్టు:
మొన్న ఒక కళాశాల వార్షికోత్సవానికి వెళ్లాను. ముఖ్య అతిథి కారు దిగగానే పిల్లలు నెమలి ఈకల టోపీలతో ఎదురెళ్లి గుస్సాడీ ఆడారు. ఆయన ఫోను చూసుకుంటూ లోపలికి నడిచారు. ఈ ఆట ఆదిలాబాద్ వైపు ఆదివాసులైన రాజ్‌గోండుల దండారీ పండుగది, దీపావళి రోజులది. గుస్సాడీ వేషం కట్టినవారు కొలబోడి అనే చివరి క్రతువుతో పండుగ ముగిసేదాకా స్నానం కూడా చేయరు. అంత నిష్ఠ ఉన్నదాన్ని స్వాగత తోరణంగా వాడుకోవడం తప్పు కాదా?

గోదావరిగట్టు:
తప్పెలా అవుతుందండీ? మార్లవాయి కనకరాజు గారు జీవితమంతా గుస్సాడీ ఆడారు, పిల్లలకు నేర్పారు. ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చాకే మా ఇంట్లో వాళ్లకు గుస్సాడీ పేరు తెలిసింది. 2024లో ఆయన పోయారు. నేర్చుకున్నవారినీ ఆడవద్దంటే ఇక మిగిలేదేమిటి?

కిక్రీ:
నేను గోండునే, ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెబుతాను. మీ ఇద్దరి వాదనా అడుగుల దగ్గరే ఆగింది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపాక, నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను మా వైపు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండిలో చదువు చెప్పడానికి. తిరుగుబాటుకు భయపడి ఇచ్చిన చదువే కావచ్చు, కానీ భాష మాదే. కనకరాజు గారిదీ అదే ఊరు.

ఇప్పుడు మా బడిలో వార్షికోత్సవానికి వారాల ముందు నుంచే గుస్సాడీ సాధన. తరగతిలో అదే పిల్లవాడు గోండిలో జవాబిస్తే "తెలుగులో చెప్పు" అంటాం. నేనూ అన్నాను, దాచడం దేనికి. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. మా బడి గోడమీద మాత్రం ఆ లిపిలో ఒక్క అక్షరం లేదు.

ఇప్పచెట్టు:
అంటే ఆట ఆపమంటారా, ఆడమంటారా?

కిక్రీ:
ఆడాలి. ఎప్పుడు, ఎవరి ముందు అన్నది మాత్రం మా పటేళ్లూ పెద్దలూ చెప్పాలి, కార్యక్రమం పట్టిక రాసేవారు కాదు.

గోదావరిగట్టు:
పెద్దలు ఆడపిల్లలకు నేర్పవద్దంటే?

కిక్రీ:
అప్పుడు వాళ్లతోనూ పోట్లాడతాను, గోండిలోనే. ఈసారి అతిథి రాకకు ఆట వద్దని, ముందు మా కథలు పాడే పర్ధాన్ పెద్దాయన చేత కిక్రీ అనే తంత్రీవాద్యం మీద మా కథ చెప్పించమని బడిలో అడిగాను. "సమయం ఎంత పడుతుంది?" అన్నారు. ఒక రాత్రి పడుతుందన్నాను.