ఒక్క నమూనా 25 కంటే తగ్గితే ఎం25 స్లాబును తిరస్కరించాలా?

ప్రశ్న (సైటు ఇంజినీరు, పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. గజపతి జిల్లాలో మేము కడుతున్న ఒక సామాజిక భవనానికి ఎం25 (28 రోజులకు 25 ఎంపీఏ, అంటే మెగాపాస్కల్‌ల, బలం నిర్దేశించిన) కాంక్రీటుతో స్లాబు వేశాము. పరిమాణం సుమారు 40 ఘనమీటర్లు. ఐఎస్ 456 (కాంక్రీటు పనుల భారతీయ కోడ్) ప్రకారం నాలుగు నమూనాలు తీసి, 28 రోజులు నిండాక బరంపురంలోని ఒక ప్రయోగశాలలో పరీక్ష చేయించాము. ఫలితాలు వరుసగా 28.5, 23.5, 31.0, 32.5 ఎంపీఏ వచ్చాయి. ప్రతి ఫలితమూ మూడు క్యూబుల (పరీక్షకు పోసిన ఘనాకారపు కాంక్రీటు దిమ్మెల) సగటు.

తనిఖీకి వచ్చిన జేఈ (జూనియర్ ఇంజినీరు) గారు, అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందనీ, 23.5 వచ్చిన స్లాబును అంగీకరించలేమనీ అన్నారు. నాలుగింటి సగటు 25 దాటింది కాబట్టి ఇక చర్చే అక్కరలేదని గుత్తేదారు వాదన. పాతపట్నం నుంచి వచ్చిన మేస్త్రీల బిల్లు ఈ నిర్ణయం దగ్గరే ఆగిపోయింది. వీరిలో ఎవరి మాట సరైనదో, ఏ లెక్క ప్రకారమో దయచేసి వివరించగలరు.

జవాబు (నాణ్యతా నియంత్రణ ఇంజినీరు, రాయగడ)

నమస్కారమండీ. ఇద్దరి మాటా కోడ్‌తో కలవదు. ఎం25 అంటే ప్రతి ఫలితమూ 25 దాటాలని కాదు, పరీక్షా ఫలితాలలో 5 శాతానికి మించి 25 కంటే దిగువన పడకూడదని అర్థం. ఒకే కుండలో ఒకే మంట మీద ఉడికిన అన్నానికి మెతుకు పరీక్ష సరిపోతుంది. మిక్సర్ నుంచి బ్యాచీలుగా వచ్చే కాంక్రీటులో మాత్రం ఇసుక తడి, నీటి కొలత, సిమెంటు తూకం ప్రతిసారీ కొద్దిగా మారుతూనే ఉంటాయి. అందుకే కోడ్ రెండు షరతులను కలిపి పెట్టింది.

కోడ్‌లో సవరణ తరువాతి పట్టిక 11 ప్రకారం, వరుసగా వచ్చిన నాలుగు ఫలితాల సగటు, నిర్దేశిత బలానికి 0.825 రెట్ల ప్రామాణిక విచలనాన్ని (ఫలితాలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలతను) కలిపితే వచ్చే విలువకు గాని, 3 ఎంపీఏ కలిపితే వచ్చే విలువకు గాని, ఏది ఎక్కువైతే దానికి తగ్గకూడదు. విడి ఫలితం ఏదీ నిర్దేశిత బలం కంటే 3 ఎంపీఏకు మించి తగ్గకూడదు. ఎం25కు విచలనం 4గా తీసుకుంటే 0.825 × 4 = 3.3, దానిని సమీప అర ఎంపీఏకు సవరిస్తే 3.5. అంటే సగటు కనీసం 28.5, విడి ఫలితం కనీసం 22 ఉండాలి. మీ సగటు 28.9, కనిష్ఠం 23.5. కాగితం మీద రెండు షరతులూ నెరవేరాయి.

0.825 ఎక్కడిదని చాలామంది అడుగుతారు. మిశ్రమాన్ని రూపొందించేటప్పుడు లక్ష్య సగటును నిర్దేశిత బలం కంటే 1.65 విచలనాలు పైన పెట్టుకుంటాము. నాలుగు ఫలితాల సగటుకు ఉండే చెదురు విడి ఫలితపు చెదురులో సగమే, ఎందుకంటే నాలుగుకు వర్గమూలం రెండు. 1.65లో సగం 0.825. లక్ష్యాన్ని సరిగ్గా అందుకుంటున్న కాంక్రీటు కూడా ఈ గీత దగ్గర నూటికి ఐదుసార్లు తప్పుతుంది. ఆ మేరకు నష్టభయం ఉత్పత్తిదారుది.

జవాబు (స్ట్రక్చరల్ ఇంజినీరు, జయపురం)

పై వివరణ సరైనదే, కానీ నెగ్గాము కదా అని నిశ్చింతగా ఉండవద్దని నా గట్టి అభిప్రాయం. ఒక కాంక్రీటు అసలు సగటు సరిగ్గా 28.5, విచలనం 4 అనుకుందాం. అందులో సుమారు 19 శాతం 25 కంటే దిగువనే ఉంటుంది. అయినా అది నాలుగు ఫలితాల సగటు షరతును దాటే అవకాశం సగానికి సగం. ఇక్కడ నష్టభయం ఆ భవనంలో ఉండబోయేవారిది, కనుక దానిని తేలికగా తీసుకోకూడదు. మీ మిశ్రమపు లక్ష్యం 31.6 ఉండవలసింది. నిజంగా అంతే ఉన్నా నాలుగింటి సగటు 28.9కి పడిపోవడం నూటికి తొమ్మిదిసార్లు జరగవచ్చు. అది కేవలం యాదృచ్ఛికమా, మిశ్రమమే బలహీనపడిందా అన్నది నాలుగు సంఖ్యలతో తేలదు.

విచలనాన్ని ఈ నాలుగింటి నుంచే లెక్కించి 3.9 వచ్చింది కాబట్టి 4 సరిపోయిందని అనుకోవద్దు. నాలుగు ఫలితాలతో వచ్చే 3.9కి 95 శాతం విశ్వాస వ్యవధి (అసలు విలువ ఉండగల పరిధి) సుమారు 2.2 నుంచి 14.7 వరకు ఉంటుంది. ముప్పై ఫలితాలతో అదే విలువ వస్తే ఆ వ్యవధి 3.1 నుంచి 5.3కి కుదించుకుపోతుంది. విచలనాన్ని నిర్ధారించడానికి కోడ్ ముప్పై నమూనాలు అడగడంలోని ఔచిత్యం ఇదే.

ఇంతకీ 23.5 నమూనాలోని మూడు క్యూబులు విడివిడిగా ఎంత భారం తీసుకున్నాయి?

ప్రశ్న అడిగినవారు (పర్లాకిమిడి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. నివేదికలో ఆ నమూనాకు 430, 565, 590 కిలోన్యూటన్లు అని ఉంది. క్యూబులు 150 మిల్లీమీటర్లవి.

జవాబు (పరీక్షా ప్రయోగశాల సాంకేతిక నిపుణుడు, బరంపురం)

అయితే అసలు సమస్య ఇక్కడే ఉంది. క్యూబు ముఖ వైశాల్యం 22,500 చదరపు మిల్లీమీటర్లతో భాగిస్తే అవి 19.1, 25.1, 26.2 అవుతాయి. ఒక నమూనాలోని ఏ క్యూబూ ఆ నమూనా సగటుకు 15 శాతం కంటే ఎక్కువ తేడాగా ఉండకూడదు. సగటు 23.5కు 15 శాతం అటూ ఇటూ అంటే దాదాపు 20 నుంచి 27 వరకు. మొదటి క్యూబు ఆ హద్దు దాటింది కాబట్టి ఐఎస్ 456 ప్రకారం ఆ నమూనా ఫలితమే చెల్లదు. అంటే 23.5 అనే సంఖ్యను స్లాబుకు అనుకూలంగానూ, వ్యతిరేకంగానూ వాడకూడదు. ప్రయోగశాల దీనిని నివేదికలోనే తెలియజేసి ఉండవలసింది.

19.1ని మాత్రం తీసివేసి మిగిలిన రెండింటి సగటు 25.7 అని రాసుకోవడం కూడా తప్పే. నచ్చని సంఖ్యను చూసిన తరువాత తొలగిస్తే అది గణాంకం కాదు. మిగిలిన మూడు నమూనాల సగటు 30.7 బాగానే ఉంది, కానీ రెండవ నమూనా ప్రాతినిధ్యం వహించిన బ్యాచీల గురించి అవి ఏమీ చెప్పవు.

ఆ క్యూబు ఎలా పగిలిందో ఫొటో ఉంటే అడగండి. ఒక పక్కనే చిట్లి ఉంటే ముఖం సమతలంగా లేకపోవడం, అంచు విరగడం, ప్లేటు మీద కేంద్రంలో పెట్టకపోవడం వంటి కారణాలు ఉండవచ్చు. భారం పెంచే వేగం నిమిషానికి 14 ఎంపీఏ, అంటే ఈ క్యూబుకు 315 కిలోన్యూటన్లు ఉండాలి. అచ్చుల నుంచి తీయక ముందే క్యూబులను వాహనంలో కుదుపుల మీద తరలించారా అన్నది కూడా విచారించండి.

స్లాబు విషయంలో, పోత రిజిస్టరు చూసి రెండవ నమూనా తీసిన భాగాన్ని గుర్తించి, కడ్డీలు తెగకుండా కనీసం మూడు కోర్లు (స్లాబును తొలిచి తీసే స్తూపాకారపు ముక్కలు) తీయించండి. కోర్ల సమాన క్యూబు బలం (కోరు బలాన్ని క్యూబు బలానికి మార్చిన విలువ) సగటున నిర్దేశిత బలంలో 85 శాతం, అంటే 21.25 ఎంపీఏ ఉండాలి. ఏ ఒక్కటీ 75 శాతం, అంటే 18.75కు తగ్గకూడదు. ఇవి నెరవేరితే జేఈ గారు ఆ భాగాన్ని ఆమోదించడానికి కోడ్‌లోనే ఆధారం ఉంది. కోర్లు ఎక్కడెక్కడ తీయాలో ఆయన సమక్షంలోనే గుర్తులు పెట్టించండి.