డ్రమ్స్ రికార్డింగ్‌లో ఓవర్‌హెడ్స్ కలపగానే స్నేర్ పలచబడుతోంది, ఎందుకు?

ప్రశ్న: మొత్తం 5 మైకులు: స్నేర్ (అడుగున తీగలుండే చిన్న డ్రమ్) పైన, కింద, కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్), ఓవర్‌హెడ్స్ (సెట్ మొత్తానికి పైన వేలాడే మైకులు) రెండు. స్నేర్ విడిగా వింటే బాగుంది. అన్నీ కలిపితే రేకు డబ్బా మీద కొట్టినట్టుంది. ఈక్యూలో (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించే సాధనం) 200 హెర్ట్జ్ ఎంత పెంచినా నిండుదనం రావట్లేదు.

జవాబు 1: ఈక్యూ ముట్టుకోకండి, ఇది ఫేజ్ గొడవ. కర్ర పడగానే పై స్కిన్ తన మైకుకు దూరం జరుగుతుంది, కింది స్కిన్ తన మైకు వైపు ఉబ్బుతుంది. అంటే రెండు తరంగాలూ ఎదురెదురు, కలిపితే ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. కింది ట్రాక్ పోలారిటీ తిప్పండి (అంటే తరంగాన్ని తలకిందులు చేయండి). తర్వాత మోనోలో (ఎడమ, కుడి ఒకటే చేసి) ఓవర్‌హెడ్స్‌ రెండూ కలిపి తిప్పి చూడండి; ఎలా ఉంచితే బేస్ ఎక్కువ వినిపిస్తే అలా వదిలేయండి. ఈసారి రికార్డింగ్‌కి స్నేర్ మధ్య నుంచి రెండు ఓవర్‌హెడ్స్‌కీ దారంతో కొలిచి సమాన దూరంలో పెట్టండి. తేడా 30 సెంటీమీటర్లు ఉంటే ఒక మైకుకి శబ్దం దాదాపు 0.9 మిల్లీసెకన్లు ఆలస్యం, స్నేర్ ఒక పక్కకి లాగేస్తుంది.

జవాబు 2: పైది సరే. కొందరు ఓవర్‌హెడ్ ట్రాకులని సమయంలో ముందుకు జరిపి స్నేర్ దెబ్బతో కలిపేస్తారు. స్నేర్‌కి కుదిరినా కిక్‌కి చెడొచ్చు, ఎందుకంటే దాని దూరం వేరు. పైగా గది లోతు పోతుంది. నేనైతే జరపను.

జవాబు 3: ట్యూనింగ్ చూశారా? ప్రతి లగ్‌కి (స్కిన్ బిగించే మర) అంగుళం లోపల వేలితో తట్టి ఒకే శ్రుతి వచ్చేదాకా బిగించండి. ఇంకా డబ్బా మోత ఉంటేనే ఈక్యూలో 400–600 హెర్ట్జ్ మధ్య 3 డీబీ తగ్గించండి. సీలింగ్ తక్కువైతే మైకుల పైన మందపాటి బొంత కట్టండి.

ప్రశ్న అడిగినవారు: కింది మైకు తిప్పగానే సగం తేడా తెలిసింది. దారం రేపు.