మూడు వారాలు ఇంటికి తాళం వేసి వెళ్తున్నాం, తాళం కాక ఇంకేం చూసుకోవాలి?

రెండోతాళం:

వచ్చే నెలలో అమ్మకి మోకాలి ఆపరేషన్. తమ్ముడి దగ్గర చేయిస్తున్నాం కాబట్టి మూడు వారాలు ఇల్లు ఖాళీగా ఉంటుంది. వాయిదా వేసే వీలు లేదు. ఆపరేషన్ కంటే ఇంటి గురించే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

రెండేళ్ల కిందట ఐదు రోజులు ఊళ్లో లేము. తిరిగొచ్చేసరికి వీధి తలుపు ఓరగా తెరిచి ఉంది. తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది, గడియ నాలుక బయటికి పొడుచుకుని ఉంది. అది దూరే చోట ద్వారబంధం చెక్క జానెడు పొడవున చీలి లోపలికి పడిపోయింది. లోపలికి అడుగు పెడుతుంటే చెప్పుల కింద ఆ పేళ్లు విరిగిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. డబ్బు పెద్దగా పోలేదు. నాన్న చేతి గడియారం పోయింది. ఆయన లేకపోయినా అమ్మ రోజూ పొద్దున్నే దానికి కీ ఇచ్చేది.

అప్పటి నుంచి అమ్మ రాత్రి రెండుసార్లు లేచి, తలుపు తోసి చూసుకుని వచ్చి పడుకుంటుంది. వద్దని చెప్పడం మానేశాను.

ఆ చీలిన చోట అతుకు వేయించి, పాతదాని కంటే బరువైన తాళం పెట్టించాను. ఒక కెమెరా కూడా కొన్నాను, ఇంకా బిగించలేదు. దాన్ని గుమ్మం బయట పెట్టాలా, లోపలా? లైటు వేసి వెళ్లడం మంచిదేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. అమ్మ అక్కడ మంచం మీద ఉండి ఇంటి గురించి దిగులు పడకూడదు, అదొక్కటే నాకు కావాలి.

ఉలిసుత్తి:

అమ్మగారికి ఆపరేషన్ బాగా జరగాలండి. తలుపులు బిగించడం నా పని, అందుకని ఆ సంగతే చెప్తాను.

మీరు చూసిన చీలిక నేను చాలా ఇళ్లలో చూశాను. తలుపుని తన్నినప్పుడు ఆ దెబ్బంతా గడియ నాలుక దూరే ఇనుప పట్టీ మీద పడుతుంది. ఆ పట్టీని పట్టుకుని ఉండేవి రెండు స్క్రూలు. తాళంతోపాటు డబ్బాలో వచ్చే స్క్రూలు చాలావరకు అంగుళం కూడా ఉండవు, అంచు చెక్కని పైపైన పట్టుకుంటాయంతే. మీరు తాళం ఎంత బరువైనది మార్చినా ఆ రెండు స్క్రూలు పాతవే అయితే తలుపు బలం ఏమీ పెరగలేదు.

ఇవాళే ఆ పట్టీ విప్పి స్క్రూ పొడవు చూడండి. బంధం వెనకాల చెక్క చట్రం ఉంటే 3 అంగుళాలవి, అంటే 75 మి.మీ. స్క్రూలు వేయండి. అవి అంచు దాటి వెనక చట్రంలోకి దిగుతాయి. ముందు సన్న రంధ్రం వేసుకోకపోతే చెక్క మళ్లీ చీలుతుంది. వెనకాల ఇటుక గోడ అయితే స్క్రూ ఒక్కటే పట్టదు, గోడలోకి డ్రిల్ చేసి, రంధ్రంలో బిగుసుకునే యాంకర్ ఫాస్టెనర్ బోల్టుతో బంధాన్ని బిగించాలి. మీది అతుకు వేసిన చెక్క కాబట్టి చిన్న పట్టీ చాలదు. అతుకుకి పైనా కిందా మంచి చెక్క అందేంత పొడుగు పట్టీ వేయించండి.

తలుపు బయటికి తెరుచుకునే రకమైతే మడతబందుల మేకులు వీధి వైపే ఉంటాయి. వాటిని పైకి లాగేస్తే తాళంతో పనే లేదు. బయట గొళ్లేనికి కప్ప తాళం వేసే చోట కూడా అంతే, గొళ్లెం స్క్రూల తలలు బయటికి కనిపిస్తుంటే స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. అక్కడ స్క్రూలు తీసేసి, తలుపు లోపలి వైపు నట్టు పడేలా బోల్టులు వేయించాలి. పైగా బయట వేలాడే కప్ప తాళం ఇంట్లో ఎవరూ లేరని వీధిలో వెళ్లేవాళ్లందరికీ చెప్తుంది. తలుపులోనే ఇమిడి ఉండే తాళం ఉంటే దాన్నే వాడండి.

ఇంకొక్క మాట. యూరప్‌లో తలుపుల్ని పరీక్షించే ఈఎన్ 1627 ప్రమాణంలో ఆర్‌సీ2 తరగతి తలుపు చేతి పనిముట్లకి 3 నిమిషాలు ఆగాలి, ఆర్‌సీ3 అయితే 5 నిమిషాలు. అంత గట్టి తలుపులకే లెక్క నిమిషాల్లో ఉంది. మనం గట్టిగా బిగించేది ఆ నిమిషాల కోసమే. ఆ కాసేపట్లో చప్పుడు విని బయటికి వచ్చి చూసే మనిషి ఉండాలి. అలాంటి మనిషి మీకు ఎవరున్నారో ఇప్పుడే ఆలోచించుకోండి.

నీలిదీపం:

కెమెరా సంగతి నేను చెప్తాను. ఒక్కటే ఉంది కాబట్టి లోపల పెట్టండి. గుమ్మంలోంచి ఏ గదిలోకి వెళ్లాలన్నా దాటాల్సిన చోటు వైపు, మనిషి ముఖం పడే ఎత్తులో. బాగా పైన పెడితే టోపీయే కనిపిస్తుంది. కిటికీకి ఎదురుగా పెడితే పగలు వెలుతురుకి మనిషి నల్లటి నీడలా పడతాడు.

రికార్డింగ్ కెమెరాలోని మెమరీ కార్డులో మాత్రమే ఉంటే, కెమెరాతోపాటు అదీ పోతుంది. బయట ఇంకో చోట కూడా సేవ్ అయ్యేలా పెట్టుకోండి. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది, అక్కడితో కెమెరా కూడా మూగబోతుంది. రౌటర్‌కి, ప్లగ్గుకి పెట్టే కెమెరా అయితే దానికీ, చిన్న బ్యాటరీ బ్యాకప్ తప్పకుండా ఉండాలి.

పాస్‌వర్డ్ మార్చకుండా మాత్రం బిగించకండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రామ్, కెమెరా కంపెనీలు ముందే పెట్టి ఇచ్చే పాస్‌వర్డులు అరవై పైచిలుకు జాబితాగా పెట్టుకుని, ఒక్కొక్కటీ వేసి చూస్తూ లక్షల కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరింది. ఇంటికి కాపలాగా పెట్టుకున్నదే ఇల్లంతా వేరేవాళ్లకి చూపించకూడదు కదా. పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌కి వచ్చే కోడ్ కూడా అడగడం) ఆన్ చేసి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. వెళ్లడానికి వారం ముందే బిగించి, బయటి నుంచి మొబైల్ డేటాలో చూసుకోండి. ఇంటి వైఫైలో పనిచేసి, గుమ్మం దాటగానే కనెక్ట్ కాకపోవడం నాకు అనుభవమే.

పైమెట్టు:

మా వీధిలో ఎవరు ఊరెళ్లినా తాళంచెవి నాకే ఇచ్చి వెళ్తారు, కాబట్టి బయటి నుంచి చూసేవాళ్లకి ఏం కనిపిస్తుందో నాకు బాగా తెలుసు. పగలూ రాత్రీ వెలుగుతున్న ఒకే ఒక్క లైటు అన్నిటికంటే ముందు కంట్లో పడుతుంది. దాని కంటే చీకటే నయం. టైమర్ ప్లగ్గులు రెండు కొని, ముందు గదిలోది సాయంత్రం వెలిగి పదింటికి ఆరేలా, లోపలిది ఆ తర్వాత కాసేపు వెలిగేలా పెట్టండి. గేటుకి గుచ్చిన కరపత్రాలు, గుమ్మం ముందు పేపర్లు రోజూ తీసేవాళ్లు కావాలి. పెరట్లో నిచ్చెన ఉంటే లోపల పెట్టేయండి.

దొంగల సంగతి సరే, నీళ్లు మరిచిపోకండి. నేను చూసిన ఇంట్లో వాషింగ్ మెషీన్ పైపు ఊడి, వాళ్లు లేని నాలుగు రోజులూ నీళ్లు కారాయి. అల్మారా కింది అరలో ఉన్న పెళ్లి ఫొటోలు ముద్దయిపోయాయి. వెళ్లేముందు మెయిన్ వాల్వు కట్టేయండి, గ్యాస్ కట్టేయండి. ప్రయాణం ఫొటోలు తిరిగొచ్చాకే పెట్టండి, తమ్ముడుగారికి కూడా చెప్పండి.

రెండోతాళం:

అందరికీ చాలా థాంక్స్ అండి. ఉలిసుత్తి గారూ, మీ జవాబు చదవగానే పట్టీ విప్పాను. రెండు స్క్రూలూ అగ్గిపుల్లలో సగం కూడా లేవు. వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. అతుకు వేసిన మనిషి పాత స్క్రూలే మళ్లీ వేశాడు. రెండేళ్లుగా అమ్మ రాత్రి లేచి తోసి చూసుకున్నది ఈ తలుపునే.

మాది వెనకాల చెక్క చట్రమే. మూడంగుళాల స్క్రూలు, పొడుగు పట్టీ తెచ్చాను. అమ్మ టార్చి పట్టుకుంది, నేను బిగించాను. పై రెండూ బాగా దిగాయి. కింది రెండూ మాత్రం అతుకు అంచున పడ్డాయి, తిప్పుతుంటే చెక్క మెత్తగా తగులుతోంది. అలా వదిలేయవచ్చా?

చప్పుడైతే వచ్చి చూసే మనిషి అంటే పైవాటాలో ఉండే అక్కనే అడిగాను. తాళంచెవి తీసుకుంది. కెమెరా అలర్టు ఆవిడ ఫోన్‌కి కూడా వెళ్లేలా పెట్టాను.

ఉలిసుత్తి:

వదిలేయకండి. మెత్తగా తగిలిందంటే అక్కడ చెక్కలో పట్టు లేదు. ఆ రెండు స్క్రూలూ తీసి, పట్టీని ఇంకో నాలుగు అంగుళాలు కిందికి పొడిగించి, అతుకు దాటాక మంచి చెక్కలో బిగించండి. ఖాళీ రంధ్రాల్లో జిగురు పూసిన చెక్క పుల్ల దిగ్గొట్టి, పూర్తిగా ఆరేవరకు ఒక రోజు కదపకండి. తర్వాత తలుపు వేసి, గడియ తిప్పి, భుజంతో గట్టిగా ఒక్కసారి తోయండి. బంధం దగ్గర చిన్న కిర్రు వినపడినా ఇక్కడ రాయండి, చూద్దాం.