అప్‌డేట్: పుస్తకాల సర్దుడు ఎంతవరకు వచ్చిందంటే

రిటైరయ్యాక ఇంట్లో పుస్తకాలు అటక దాకా నిండిపోయాయి, ఏవి ఉంచాలి, ఏవి ఇచ్చేయాలి అని అడిగాను కదా. సలహా చెప్పిన అందరికీ నమస్కారం.

"మళ్ళీ చదువుతారా అని కాదు, మళ్ళీ దొరుకుతుందా అని చూడండి" అన్న మాట నాకు బాగా పనికొచ్చింది. పాత నిఘంటువులు, ఇప్పుడు అచ్చులో లేని అనువాదాలు ఉంచేశాను. ఎప్పుడూ దొరికే నవలలు మా పేట గ్రంథాలయానికి ఇచ్చాను. ముందే వెళ్ళి కనుక్కోవడం మంచిదైంది, పాఠ్యపుస్తకాలు వద్దన్నారు. పురుగు పట్టినవి వేరే సంచిలో కట్టి పక్కన పెట్టాను, మంచివాటికి అంటుకోకుండా. అటకలో తేమ ఉంటే పురుగు మళ్ళీ వస్తుంది, అందుకే మిగిలినవన్నీ గాలి తగిలే బీరువాలోకి మార్చాం.

ఆదివారం పాత పుస్తకాల కోసం హైదరాబాద్ ఆబిడ్స్‌కి వెళ్ళడం మాత్రం మానలేదు. షాపులు మూసి ఉంటాయి, ఫుట్‌పాత్ నిండా పుస్తకాలే. పొద్దున్నే వెళ్తే కట్టలు విప్పుతుండగానే చూడొచ్చు. పోయినసారి ఎవరో పెన్సిల్‌తో అర్థాలు రాసుకున్న పద్యాల పుస్తకం దొరికింది, ఎంత సంతోషమేసిందో! ఒకటి కొంటే ఒకటి ఇచ్చేయాలని మా ఆవిడ షరతు. ఒప్పుకున్నాను. పాత వారపత్రికల కట్టలు ఇంకా తేలలేదు, వాటిని బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలో అడిగి చూస్తాను.